ఎలెన్ కంటే ముందే ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు

ఆఫ్రికాలో ఓ మహిళ దేశాధినేత అయ్యారని వార్త వచ్చిన ప్రతిసారీ కథ ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ పేరు దగ్గరే మొదలవుతుంది. 2006 జనవరి 16, లైబీరియా, ఆ ఖండంలో ఎన్నికైన తొలి అధ్యక్షురాలు. అందులో 'ఎన్నికైన' అన్న మాటని మనం చదివేసి దాటిపోతాం గానీ అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది, ఎందుకంటే ఓట్లతో పని లేకుండా అలాంటి కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్లు అంతకుముందే ఉన్నారు, వాళ్లలో చాలామందిని ఇల్లు తగలబడుతున్నప్పుడే పిలిచి కూర్చోబెట్టారు.

రాణుల సంగతి వేరు. ఇథియోపియాని జౌదితు 1916 నుంచి 1930 దాకా ఏలింది. నేను చెబుతున్నది వలస పాలన పోయి, రాజ్యాంగాలు రాసుకున్నాక వచ్చిన పదవుల గురించి.

ఆ లెక్కన మొదటి పేరు ఎలిజబెత్ డోమిసియాన్. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో సైనిక పాలకుడు బొకాసా 1975 జనవరిలో ఆమెని ప్రధానమంత్రిని చేశాడు. ఆఫ్రికాలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే. వ్యవసాయం, వ్యాపారం చేసుకుంటూ పార్టీలో పైకి వచ్చిన మనిషి. బొకాసా చక్రవర్తి అవ్వాలని ముచ్చటపడితే ఆమె ఒప్పుకోలేదని, అందుకే 1976 ఏప్రిల్‌లో తీసేశాడని చెబుతారు. తర్వాత గృహనిర్బంధం. మరుసటి ఏడాది డిసెంబర్‌లో అతను నిజంగానే కిరీటం పెట్టుకున్నాడు.

తర్వాత 1993 జులై. పక్కపక్కనే ఉన్న బురుండి, రువాండా రెండు దేశాల్లోనూ ఒకే నెలలో మహిళలు ప్రధానులయ్యారు. బురుండిలో ఆర్థికవేత్త సిల్వీ కినిగి. అక్టోబర్‌లో అక్కడి అధ్యక్షుణ్ని సైనికులు చంపేశారు, ఆమె ఫ్రెంచ్ ఎంబసీలో తలదాచుకుని, అలాంటి పరిస్థితిలోనే కొన్ని నెలలు దేశ బాధ్యతలు మోశారు. రువాండాలో అగాత్ ఉవిలింగియిమానా. ఈమె గురించి ఆగి చెప్పుకోవాలి.

అగాత్ కెమిస్ట్రీ టీచర్. 1992లో విద్యామంత్రి అయ్యాక బడుల్లో సీట్లని తెగల కోటా ప్రకారం కాకుండా మార్కులని బట్టి ఇవ్వాలన్నారు. ఆమెది అక్కడి మెజారిటీ తెగ హుటూ, అయినా హుటూ తీవ్రవాదులకి అప్పటినుంచే శత్రువు. 1994 ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడి విమానాన్ని కూల్చేశారు. ఇక ప్రభుత్వానికి పెద్ద ఎవరంటే ప్రధానమంత్రే. తెల్లారగానే రేడియోలో మాట్లాడి జనాన్ని శాంతపరచాలని అనుకున్నారు, దానికోసం ఐక్యరాజ్యసమితి బెల్జియం సైనికులని ఆమె ఇంటికి పంపింది. కానీ రేడియో స్టేషన్ దాకా వెళ్లే దారే లేకపోయింది. ఇల్లు చుట్టుముట్టారు. పిల్లలతో సహా గోడ దాటి పక్క ఆవరణలో దాక్కున్నారు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు పిల్లలు ఉన్న చోటికి రాకూడదని ఆమే బయటికి వచ్చారని చెబుతారు. ఆమెనీ, ఆమె భర్తనీ అక్కడే చంపేశారు. ఆమెకి అప్పటికి 40 ఏళ్లు. కాపలాకి వచ్చిన పదిమంది బెల్జియం సైనికులనీ ఆ రోజే చంపారు. ఐదుగురు పిల్లలు మాత్రం బతికారు, సెనెగల్‌కి చెందిన ఐరాస అధికారి కెప్టెన్ ఎంబాయ్ జాన్య్ వాళ్లని దాచి బయటికి చేర్చాడు. ఆ తర్వాత వంద రోజుల్లో జరిగిన మారణకాండ గురించి అందరూ విన్నారు. అది మొదలైన తొలి ఉదయమే పోయిన ఈ ప్రధాని పేరు మాత్రం మన దగ్గర చాలామందికి తెలియదు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

అదే రువాండా 2003 రాజ్యాంగంలో, నిర్ణయాలు తీసుకునే సంస్థల్లో కనీసం 30 శాతం మహిళలు ఉండాలని రాసుకుంది. దిగువ సభలో 80 సీట్లుంటే 24 మహిళలకే. మన పంచాయతీ రిజర్వేషన్ లాంటిదే అనుకోండి, కాకపోతే పార్లమెంటులోనే పెట్టారు. 2008 ఎన్నికల్లో మహిళలు 56 శాతం దాటారు, ప్రపంచంలో ఏ పార్లమెంటులోనూ అంతకుముందు ఆడవాళ్లు సగం దాటింది లేదు. అయితే అక్కడ అసలు అధికారమంతా ఒక్క అధ్యక్షుడు కగామే చేతిలోనే ఉందన్నది కూడా మర్చిపోకూడదు.

ఇప్పుడు లైబీరియా. ఇక్కడ కూడా ఎలెన్ మొదటి మనిషి కాదు. 1996 సెప్టెంబర్‌లో, అంతర్యుద్ధం మధ్యలో, ముఠా నాయకులు ఒకరినొకరు నమ్మలేని స్థితిలో మాజీ సెనేటర్ రూత్ పెర్రీని తాత్కాలిక ప్రభుత్వ మండలికి అధ్యక్షురాలిగా పెట్టారు. దాదాపు 11 నెలలు నెట్టుకొచ్చి 1997 ఎన్నికల దాకా దేశాన్ని తీసుకొచ్చారు. ఆ ఎన్నికల్లో గెలిచింది చార్లెస్ టేలర్, రెండో స్థానంలో నిలిచింది ఎలెన్. కొన్నాళ్లకే మళ్లీ యుద్ధం.

దాన్ని ఆపడానికి వీధిలోకి వచ్చింది మామూలు ఆడవాళ్లు. పశ్చిమ ఆఫ్రికాలో బజారు నడిపేది ఆడవాళ్లే. కూరలు, చేపలు, బట్టలు అమ్మేది వాళ్లే, డబ్బు తిప్పేదీ వాళ్లే, అందుకే వాళ్లు కదిలితే ప్రభుత్వాలు కూడా కదులుతాయి. 1929లో ఆగ్నేయ నైజీరియాలో ఆడవాళ్లమీద కూడా పన్ను వేస్తారని తెలిసి వేలమంది బ్రిటిష్ వాళ్లమీద తిరగబడ్డారు, సైన్యం కాల్పుల్లో 50 మందికి పైగా చనిపోయారు. 1949లో అదే దేశంలోని అబెయోకుటాలో ఫున్మిలాయో రాన్సమ్-కుటి అనే మహిళ నడిపిన ఉద్యమం దెబ్బకి అక్కడి రాజు గద్దె దిగాడు. అక్కడ ఆ పాత అలవాటు ఉంది.

2003లో మన్రోవియాలో చేపల బజారు పక్కన మైదానంలో క్రైస్తవ, ముస్లిం మహిళలు కలిసి తెల్ల బట్టలు కట్టుకుని కూర్చున్నారు. టేలర్ కాన్వాయ్ వెళ్లే దారి అది. ఎండలో, వానలో, వారాల తరబడి. నడిపించింది లేమా బోవీ. టేలర్ శాంతి చర్చలకి ఒప్పుకున్నాక వాళ్లలో కొందరు ఘనాకి కూడా వెళ్లారు. అక్కడ యుద్ధ నాయకులు హోటళ్లలో తింటూ చర్చలు సాగదీస్తుంటే, వీళ్లు హాలు ద్వారానికి అడ్డంగా చేతులు కలిపి కూర్చుని ఎవర్నీ బయటికి పోనివ్వలేదు. పోలీసులు అరెస్టు చేస్తామని వస్తే లేమా తన ఒంటిమీది బట్టలు తీసేయబోయింది. అక్కడ తల్లి వయసు ఆడది కావాలని అలా చేస్తే చూసినవాళ్లకి శాపం తగులుతుందని నమ్మకం. వచ్చినవాళ్లు వెనక్కి తగ్గారు. 2003 ఆగస్టు 18న ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి.

2005 ఎన్నికలకి మహిళా సంఘాలే బజార్లలో తిరిగి ఆడవాళ్ల పేర్లు ఓటరు లిస్టుకి ఎక్కించాయి, వాళ్లు వెళ్లి పేరు రాయించుకొచ్చే దాకా దుకాణం దగ్గర ఇంకొకరు కూర్చునేవాళ్లు. చివరికి నమోదైన ఓటర్లలో దాదాపు సగం ఆడవాళ్లే. తొలి రౌండులో ఫుట్‌బాల్ స్టార్ జార్జ్ వియాకి 28 శాతం, ఎలెన్‌కి 20 శాతం లోపు. రెండో రౌండులో ఎలెన్‌కి 59 శాతం. 1980 సైనిక కుట్ర తర్వాత 13 మంది ప్రభుత్వ పెద్దలని సముద్రపు ఒడ్డున స్తంభాలకి కట్టి కాల్చేస్తే బతికి బయటపడ్డ కొద్దిమంది మంత్రుల్లో ఈమె ఒకరు, 1985లో జైలుకి కూడా వెళ్లొచ్చారు. జనం ఆమెని 'మా ఎలెన్' అనేవాళ్లు. వాళ్ల భాషలో 'మా' అంటే అమ్మ, మన భాషలో చదువుకున్నా ఎంత బాగుందో చూడండి.

ఎలెన్ పాలన గురించి దాచకుండా చెప్పాలి. 2010లో 460 కోట్ల డాలర్ల అప్పు మాఫీ చేయించారు, 2011లో లేమాతో పాటు నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. కానీ కొడుకులని పెద్ద పదవుల్లో పెట్టారు, మొదట్లో టేలర్‌కి సాయం చేసినందుకు 2009లో అంతర్యుద్ధంలో ఏం జరిగిందో విచారించిన సత్యశోధన సంఘం ఆమెని 30 ఏళ్లు పదవులకి దూరం పెట్టాలని సిఫార్సు చేసింది. పన్నెండేళ్లు ఆమె ఉన్నా చట్టసభలో మహిళల వాటా పదో వంతుకి అటూ ఇటూగానే మిగిలిపోయింది. మన దేశానికి సంబంధించిన ముక్క ఒకటుంది: 2007లో మన సీఆర్‌పీఎఫ్ మహిళలతో ఐరాస తొలి పూర్తి మహిళా పోలీసు దళం లైబీరియాకి వెళ్లింది, 2016 దాకా ఉంది, ఆమె ఆఫీసుకి కాపలా కాసింది. ఆ కాలంలో అక్కడి భద్రతా దళాల్లో మహిళలు 6 శాతం నుంచి 17 శాతానికి పెరిగారు.

తర్వాత వచ్చిన కొందరికి పదవిలో ఉన్న అధ్యక్షుడు చనిపోవడం వల్ల ఆ పదవి వచ్చింది. 2012లో మలావీలో జాయిస్ బండా అలాగే వచ్చారు, 2014లో ఓడిపోయారు. టాంజానియాలో సామియా సులుహు హసన్ 2021 మార్చిలో అలాగే వచ్చారు. 2025 అక్టోబర్‌లో ప్రధాన ప్రత్యర్థులని బరిలో లేకుండా చేసి 98 శాతం దగ్గర ఓట్లతో గెలిచామన్నారు, నిరసన చేసినవాళ్లమీద కాల్పులు జరిగాయి. ఆమె వచ్చినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ వార్తలు చదవడం కష్టంగా అనిపించింది.

ఇక నమీబియా. 2024 నవంబర్ అధ్యక్ష ఎన్నికల్లో నెటుంబో నందీ-ఎన్‌డైట్వా తొలి రౌండులోనే 57 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు, 2025 మార్చి 21న ప్రమాణం. స్టేడియంలో చేద్దామనుకున్నారు గానీ పెద్ద వాన పడటంతో అధ్యక్ష భవనానికి మార్చారు. ఆమె పుట్టినరోజు అక్టోబర్ 29, ఎలెన్‌దీ అదే. ఉపాధ్యక్షురాలు మహిళ, స్పీకర్ మహిళ, మంత్రుల్లో సగానికి పైగా మహిళలు. ఇది ఒక్క రోజులో వచ్చింది కాదు. అక్కడి అధికార పార్టీ స్వాపో 2013లోనే ఒక రూల్ పెట్టుకుంది: అభ్యర్థుల లిస్టులో ఒక మగ పేరు, దాని కింద ఒక ఆడ పేరు, మళ్లీ మగ, మళ్లీ ఆడ, చివరిదాకా అంతే. జీబ్రా చారల్లా ఉంటుందని దానికి జీబ్రా లిస్టు అనే పేరు.