ఆస్ట్రేలియాలో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం: ఆ 120 గంటల సర్టిఫికెట్ సంగతి

మెల్‌బోర్న్‌లో విదేశీ విద్యార్థులకు ఇంగ్లిష్ నేర్పే ఒక ఎలికాస్ కాలేజీలో టీచర్లను తీసుకునే పని నాది. మన తెలుగువాళ్ళ సీవీ వస్తే కాస్త ఆశగానే తెరుస్తాను. మంచి డిగ్రీ, ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన అనుభవం అన్నీ ఉంటాయి. తీరా సర్టిఫికెట్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవాల్సి వస్తుంది. ఈ మాట ఒక్కొక్కరికీ ఫోన్లో చెబుతూనే ఉన్నాను. ఇకనైనా డబ్బు పోగొట్టుకోకముందే తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆన్‌లైన్లో 120 గంటల టెఫెల్ (ఇంగ్లిష్‌ను విదేశీ భాషగా నేర్పే) సర్టిఫికెట్ చేస్తే చాలు.

చాలదు. గుంటూరు వైపు జూనియర్ కాలేజీలో చాలాకాలం ఇంగ్లిష్ చెప్పిన ఒకావిడ, భర్త ఉద్యోగరీత్యా మెల్‌బోర్న్ శివారు టార్నీట్ వచ్చారు. బయల్దేరే ముందే ఎవరో చెప్పారని ఆన్‌లైన్ కోర్సు కొని, వీడియోలు చూసి, క్విజ్‌లు రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. అది పనికిరాదని, సెల్టా (కేంబ్రిడ్జ్ ఇచ్చే ఇంగ్లిష్ టీచర్ సర్టిఫికెట్) లాంటిది కావాలని చెప్పాల్సి వచ్చింది. "సెల్టా కూడా 120 గంటలే కదా మేడమ్, నాదీ అంతే కదా. తేడా ఏముంది?" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థం కాలేదు. అర్థం కాకుండా అమ్మినవాళ్ళ మీద నాకు కోపం వచ్చింది.

తేడా అంతా ఆరు గంటల్లో ఉంది. సెల్టాలో నిజమైన విద్యార్థుల ముందు, రెండు వేర్వేరు స్థాయుల్లో, కనీసం ఆరు గంటలు పాఠం చెప్పాలి. వెనక బెంచీలో ట్రైనర్ కూర్చుని ప్రతి నిమిషం రాసుకుంటారు. పాఠం అవగానే ఏది పనిచేసింది, ఏది దెబ్బతింది అన్నది తోటివాళ్ళ ముందే చర్చిస్తారు. ఇక్కడి కాలేజీలు సాధారణంగా రెండే అడుగుతాయి: ఒక డిగ్రీ, ఇలా పరిశీలించి మార్కులు వేసిన బోధన ఉన్న టెసోల్ (ఇతర భాషలవాళ్ళకు ఇంగ్లిష్ నేర్పే) అర్హత. సెల్టా లాంటిదే అయిన ట్రినిటీ సర్ట్ టెసోల్ అయినా సరే. హైదరాబాద్ ఇఫ్లూ యూనివర్సిటీలో ఇంగ్లిష్ బోధన మీద పీజీ చేసినవాళ్ళు తమ ప్రాక్టికమ్ (క్లాసులో చేసిన బోధన శిక్షణ) ఎన్ని గంటలో యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద రాయించుకుని రండి. ఆ ఒక్క కాగితం లేక తిప్పలు పడినవాళ్ళున్నారు.

ఇంకో మాట. ఆన్‌లైన్ అనగానే పనికిరాదని కాదు. 2020 నుంచి సెల్టా కూడా పూర్తిగా ఆన్‌లైన్లో చేయవచ్చు. అక్కడా జూమ్‌లో నిజమైన విద్యార్థులుంటారు, ట్రైనర్ చూస్తూనే ఉంటారు. కాబట్టి కోర్సు అమ్మేవాళ్ళను ఒకే ప్రశ్న అడగండి: "నేను పాఠం చెబుతుంటే ఎవరు చూస్తారు, ఎన్ని గంటలు?" సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టకండి.

"అనుభవం ఉంది కదా, మళ్ళీ ఈ ఆరు గంటలెందుకు" అంటారు. మన అనుభవం వేరే రకం క్లాసులో వచ్చింది కాబట్టి. ఒక డెమోలో నేను చూసింది చెబుతాను. కొలంబియా, థాయ్‌లాండ్, జపాన్ పిల్లలున్న క్లాసు. పాఠం ప్రెజెంట్ పర్ఫెక్ట్. డెమో ఇస్తున్న మన టీచరుకు గ్రామర్ మీద గట్టి పట్టుంది. రూల్సన్నీ వరసగా బోర్డు నిండా రాసి, చక్కగా వివరించారు. పాఠం ముగిసేసరికి ఒక్క విద్యార్థి కూడా సొంతంగా ఒక వాక్యం చెప్పలేదు. "అర్థమైందా?" అంటే అందరూ తలూపారు. సెల్టాలో ఆ ప్రశ్న అడగొద్దనే మొదట నేర్పుతారు. "ఐ హావ్ లివ్డ్ ఇన్ మెల్‌బోర్న్ ఫర్ టూ ఇయర్స్" అని రాసి, "ఇతను ఇప్పుడు ఎక్కడున్నాడు? ఎప్పుడొచ్చాడు?" అని అడగాలి. "సిడ్నీలో" అని ఎవరైనా అన్నారంటే విషయం ఎక్కలేదని అక్కడే తెలిసిపోతుంది. వారానికి కనీసం 20 గంటల బోధన, క్లాసుకు 18 మందికి మించకూడదన్న నిబంధన ఉన్న చోట విద్యార్థి మాట్లాడటానికే ఫీజు కడతాడు. వినడానికి కాదు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

ఎం.ఏ. ఇంగ్లిష్ ఉండాలంటారు. అక్కర్లేదు, బీకాం చదివి సెల్టా చేసి బ్రహ్మాండంగా చెబుతున్నవాళ్ళున్నారు.

బీఎడ్ ఉంటే నేరుగా స్కూల్లో చేరొచ్చంటారు. స్కూలు దారి వేరు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో వీఐటీ (అక్కడ టీచర్లను నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా స్కూల్లో టీచరుగా పనిచేయలేరు. వీసా కోసం ఎఐటీఎస్‌ఎల్ (స్కూల్ టీచర్ల అర్హతలు పరిశీలించే సంస్థ) అసెస్‌మెంట్ చేయించుకునేవాళ్ళకు ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్, రైటింగ్‌లలో 7, స్పీకింగ్, లిజనింగ్‌లలో 8 కావాలి. ఇండియాలో ఇంగ్లిష్ మీడియంలో చదివామంటే మినహాయింపు రాదు.

"టీచరైతే పీఆర్ (శాశ్వత నివాసం) గ్యారంటీ" అన్న వాట్సాప్ ప్రచారం దయచేసి నమ్మకండి. వీసాకు వృత్తుల కోడ్‌లు వేరువేరు: హైస్కూల్ టీచరు కోడ్ 241411, టెసోల్ టీచరు కోడ్ 249311. మొదటిదాన్ని ఎఐటీఎస్‌ఎల్, రెండోదాన్ని వెటాసెస్ అనే మరో సంస్థ పరిశీలిస్తాయి. ఒకదాని సమాచారం చూసి రెండోదానికి అప్లై చేసి నష్టపోయినవాళ్ళు నా దగ్గరికొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు. రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌నే అడగండి.

తెల్లవాళ్ళకే ఇస్తారన్న భయం గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే అది ఉత్త భయం కాదు. పేరు చూసి పక్కన పెట్టేవాళ్ళు లేరని నేను అనను. కానీ మా స్టాఫ్‌రూంలో శ్రీలంక, పోలండ్, బ్రెజిల్ వాళ్ళున్నారు. అందరూ డెమో పాఠం ఇచ్చి వచ్చినవాళ్ళే. మీ యాస మార్చుకోవాలని టెన్షన్ పడకండి, స్పష్టంగా, నిదానంగా మాట్లాడితే చాలు.

ఇప్పుడు మార్కెట్ బాగాలేదన్నది మాత్రం నిజమే. స్టూడెంట్ వీసా ఫీజు 2024 జూలైలో 710 డాలర్ల నుంచి 1,600కి, 2025 జూలైలో 2,000కి పెరిగింది. కొద్ది వారాల కోర్సుకు వచ్చే విద్యార్థికి అది మోయలేని భారం. కొన్ని కాలేజీలు మూతపడ్డాయి. మొదటి పని చాలామందికి రిలీఫ్ టీచరుగానే (రాని టీచరు బదులు ఆ రోజుకు వెళ్ళే టీచరుగా) దొరుకుతుంది: పొద్దున ఏడింటికి ఫోనొస్తుంది, ఎనిమిదిన్నరకు క్లాసులో ఉండాలి. ఆ ఫోన్ ఎత్తేవాళ్ళనే తర్వాతి టర్మ్‌కు పిలుస్తాం. ఈలోగా లైబ్రరీల్లో కాన్వర్జేషన్ సర్కిళ్ళకు, ఎఎంఈపీ (వలస వచ్చినవాళ్ళకు ఇంగ్లిష్ నేర్పే ప్రభుత్వ పథకం) వాలంటీర్ ట్యూటర్ పనికి వెళ్ళండి, ఇక్కడి రిఫరెన్స్ ఒకటి వస్తుంది.

అయితే ప్రైవేటు కాలేజీ ఏదైనా "ముందు రెండు వారాలు ఉచితంగా చెప్పండి, చూద్దాం" అంటే ఒప్పుకోకండి. అరగంట డెమో వేరు, జీతం లేకుండా క్లాసులు నడిపించుకోవడం వేరు. ఉద్యోగిగా కాకుండా సొంత వ్యాపారిగా చూపే ఏబీఎన్ (వ్యాపార నంబర్) తీసుకోమని ఒత్తిడి చేసినా సంతకం పెట్టే ముందు, ఉద్యోగుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ వాళ్ళకు ఫోన్ చేయండి, తెలుగు దుబాసీని కూడా అడగొచ్చు.