స్టూడెంట్ త్రీడీ షార్ట్ ఫిల్మ్: నేను ఏటా వినే అపోహలు, అసలు సంగతులు

సంక్రాంతి సెలవులు అయిపోయాయంటే చాలు, ఫైనలియర్ పిల్లల నుంచి నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ప్రాజెక్టుకి త్రీడీ షార్ట్ ఫిల్మ్ చేస్తున్నాం, మేలో సబ్మిషన్, ఒకసారి కాన్సెప్ట్ చూస్తావా?" అని. చూస్తాను. చాలావాటిలో ఒక యుద్ధం, ఒక వాన, గాలికి ఎగిరే పొడవాటి జుట్టు, కూలిపోయే ఊరు ఉంటాయి. వెక్కిరించడం లేదు, నేనూ అదే బాపతు. హైదరాబాద్‌లో యానిమేషన్ చదివేటప్పుడు మేం నలుగురం కలిసి మొదలుపెట్టింది ఘటోత్కచుడి రాత్రి యుద్ధం మీద 12 నిమిషాల సినిమా. చివరికి సబ్మిట్ చేసింది మాత్రం డాబా మీద వడియాలు ఎండబెట్టుకున్న బామ్మకీ, ఒక కాకికీ మధ్య నడిచే 1 నిమిషం 50 సెకన్ల సినిమా. ఈ రెండింటి మధ్య మేం తిన్న దెబ్బల్లోంచి వచ్చినవే కింద రాసినవన్నీ.

అపోహ: కనీసం పది నిమిషాలు లేకపోతే దాన్ని ఎవరూ సినిమా అనరు

ముందు లెక్క వేద్దాం, ఎందుకంటే ఈ లెక్క మేం మూడు నెలలు ఆలస్యంగా వేశాం. సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. 12 నిమిషాలంటే 17,280 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము రెండర్ అవడానికి, అంటే కంప్యూటర్ లెక్కలు కట్టి దాన్ని పూర్తి బొమ్మగా తయారు చేయడానికి, 6 నిమిషాలు పడుతుందనుకుంటే (కాస్త వెలుగునీడలు, కాస్త జుట్టు ఉన్న సీనుకి మామూలు సిస్టమ్ మీద ఇది పెద్ద ఎక్కువేం కాదు) ఒక మెషీన్ రాత్రీ పగలూ ఆగకుండా 72 రోజులు నడవాలి. ఇది ఒక్కసారికే. తీరా చూస్తే ఘటోత్కచుడి మోచెయ్యి కవచంలోంచి బయటికొచ్చిందని తెలిస్తే ఆ షాట్ మళ్లీ మొదటికి. అదే 1 నిమిషం 50 సెకన్లకి 2,640 ఫ్రేములు, పదకొండు రోజులు. నాలుగు మెషీన్లు పంచుకుంటే మూడు రోజుల్లోపే అయిపోతుంది, తప్పొస్తే దిద్దుకునే టైమూ ఉంటుంది.

రెండర్ కంప్యూటర్ పని. యానిమేషన్ చేయాల్సింది మనం. పెద్ద సినిమాల స్టూడియోల్లో అనుభవం ఉన్న యానిమేటర్ చేతినుంచి కూడా వారానికి కొన్ని సెకన్లే బయటికొస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి, నా అనుభవంలో, రోజుకి ఒక సెకను శుభ్రంగా వస్తే గొప్పే. నలుగురున్నారు, 720 సెకన్లున్నాయి, మిగతా భాగహారం మీరే చేసుకోండి.

ఇక చిన్న సినిమాకి విలువ ఉండదా అంటారా, 1986లో పిక్సార్ వాళ్లు డల్లాస్‌లో జరిగిన సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో వేసిన 'లక్సో జూనియర్' నిడివి దాదాపు రెండు నిమిషాలే. ఒక పెద్ద టేబుల్ ల్యాంపు, ఒక చిన్న టేబుల్ ల్యాంపు, ఒక బంతి. అంతే. వెనకాల సెట్ లేదు, చీకటి. కెమెరా కదలదు. టైమూ లేదు, కంప్యూటర్ బలమూ లేదు కాబట్టి అలా పెట్టుకున్నారు, పెట్టుకుని ఆ శక్తంతా ల్యాంపుల నటన మీద ఖర్చు పెట్టారు. షో అయ్యాక గ్రాఫిక్స్‌లో పేరుమోసిన శాస్త్రవేత్త జిమ్ బ్లిన్ దర్శకుడు జాన్ లాసెటర్ దగ్గరికి వస్తుంటే, నీడల అల్గారిదమ్ గురించి అడుగుతాడేమో అని ఈయన కంగారు పడ్డాడట. ఆయన అడిగింది మాత్రం, ఆ పెద్ద ల్యాంపు తల్లా తండ్రా అని. ఆ సినిమాకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

అపోహ: సాఫ్ట్‌వేర్ లక్షల్లో ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు లక్ష పైన ఉంటుంది, మనవల్ల కాదు

2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ ఫీచర్‌గా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా 'ఫ్లో' మొత్తం బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తయారైంది. బ్లెండర్ ఉచితం. రెండర్ కూడా అందులోనే ఉండే ఈవీతో చేశారు, అంటే గేముల్లోలా గబగబా బొమ్మ గీసే ఇంజిన్, గంటల తరబడి కూర్చోబెట్టేది కాదు. మీ కాలేజీలో మాయా అనే ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్పుతుంటే అందులోనే చేయండి, విద్యార్థులకి దాని లైసెన్సు ఉచితంగానే దొరుకుతుంది. ఏది వాడినా జ్యూరీకి తేడా తెలియదు.

కాకపోతే ఈ 'ఫ్లో' కథ విని కుర్రాళ్లు ఇంకో గోతిలో పడుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి సినిమా కూడా ఉచితంగా, త్వరగా అయిపోతుందని. ఆ సినిమాకి అయిదేళ్ల పైనే పట్టింది, మూడు దేశాల్లో మనుషులు పని చేశారు.

అపోహ: ముందు మోడలింగ్ మొదలెడదాం, కథ చేస్తూ చేస్తూ కుదురుతుంది

అన్నిటికన్నా ఎక్కువ ప్రాజెక్టులు చచ్చిపోయేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మోడలింగ్ (పాత్రల్నీ వస్తువుల్నీ త్రీడీలో మలచడం) చేస్తుంటే పని జరుగుతున్నట్టు అనిపిస్తుంది. స్క్రీన్ మీద గద తిరుగుతూ ఉంటుంది, గైడ్‌కి చూపిస్తే బాగుందంటారు, ఇన్‌స్టాలో పెడితే లైకులొస్తాయి. మేం గద మీద తొమ్మిది రోజులు పెట్టాం. ఆ తర్వాత యానిమాటిక్ వేసి చూసుకుంటే ఆ గద సినిమాలో మూడు సెకన్లు, అదీ చీకట్లో, దుమ్ములో కనబడుతోంది.

యానిమాటిక్ అంటే ఏం లేదు, స్టోరీబోర్డు బొమ్మల్ని ఏ షాట్ ఎంతసేపు ఉండాలో అంతసేపు వరుసగా పేర్చి, కింద నోటితో చేసిన శబ్దాలు పెట్టి ఆడించే వీడియో. బొమ్మలు అగ్గిపుల్ల మనుషులైనా పర్లేదు. దాన్ని మీ జట్టులో లేని మనిషికి, వీలైతే యానిమేషన్ అంటే ఏంటో తెలియని మనిషికి, ఒక్క మాట చెప్పకుండా చూపించి ఏం అర్థమైందో అడగండి. మా యుద్ధం చూసి మా హాస్టల్ వంటమాస్టర్ "వీళ్లిద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారు బాబూ?" అన్నాడు. ఆ ప్రశ్నకి మా నలుగురి దగ్గరా నాలుగు జవాబులున్నాయి. ఆ రాత్రే ఘటోత్కచుడు పోయాడు.

కాకి కథ ఎందుకు నిలబడిందంటే దాన్లో ఎవరికి ఏం కావాలో మొదటి అయిదు సెకన్లలో తెలిసిపోతుంది. కాకికి వడియం కావాలి, బామ్మకి కాకి పోవాలి. ఒకే చోటు, డాబా. ఒకే టైము, మిట్టమధ్యాహ్నం, అంటే ఒకే లైటింగ్. బామ్మని మొత్తం చూపిస్తే చీర కావాలి, చీరంటే క్లాత్ సిమ్యులేషన్ (బట్ట ఎలా కదలాలో కంప్యూటర్ చేత లెక్క కట్టించడం), క్లాత్ సిమ్యులేషన్ అంటే కుచ్చిళ్లు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోవడం, ఆ ఏడుపు మాకొద్దు. అందుకని బామ్మ గాజుల చెయ్యి, ఆ చేతిలో కర్ర, నేల మీద ఆమె నీడ మాత్రమే పెట్టాం. మనిషి కనిపించకపోవడమే బాగుందని తర్వాత అందరూ మెచ్చుకున్నారు, మేం కూడా ముందే అనుకున్నట్టు తలూపాం.

("'ఫ్లో' దర్శకుడు స్టోరీబోర్డు గీయలేదట కదా అన్నా" అని ఒకడు పట్టుకున్నాడు. నిజమే, గీయలేదు. బొమ్మలు గీసే బదులు నేరుగా త్రీడీలోనే కెమెరా తిప్పుకుంటూ యానిమాటిక్ చేసుకున్నాడు. యానిమాటిక్ మాత్రం మానలేదు నాయనా.)

అపోహ: రెండు కీలు పెడితే మధ్యలోది కంప్యూటరే చేసేస్తుంది

చేస్తుంది. దరిద్రంగా చేస్తుంది. కీ అంటే ఏ ఫ్రేములో పాత్ర ఏ పోజులో ఉండాలో మనం పెట్టే గుర్తు. ఇక్కడొక కీ, అక్కడొక కీ పెట్టి వదిలేస్తే ఆ పాత్ర నీళ్లలో తేలుతున్నట్టు కదులుతుంది, బరువుండదు. బరువొచ్చేది, కదలికని గీతలుగా చూపించే గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ గీతల వంపుల్ని చేత్తో దిద్దితేనే. దూకేముందు కాస్త వంగడం, దిగాక కాస్త కుంగడం, తల ముందు తిరిగి ఒళ్లు తర్వాత తిరగడం, ఇవన్నీ డిస్నీలో కాగితం మీద గీసేవాళ్లు ఎప్పుడో కనిపెట్టిన సూత్రాలు, 1981లో ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ పన్నెండుగా పుస్తకంలో రాసిపెట్టారు. సాఫ్ట్‌వేర్ మారింది, అవి మారలేదు.

ముందు బ్లాకింగ్, అంటే ముఖ్యమైన పోజులే పెట్టి, మధ్యలో కదలిక లేకుండా టక్కుటక్కుమని మారేలా చూసుకోండి. అక్కడ నటన కుదరకపోతే స్ప్లైన్ చేశాక, అంటే పోజుల మధ్య కదలికని నున్నగా కలిపాక, అస్సలు కుదరదు. రిఫరెన్స్ వీడియో తీసుకోవడానికి సిగ్గుపడొద్దు. మా వాడొకడు హాస్టల్ మెట్ల మీద కాకిలా గెంతుతూ తీసుకున్న వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది, వాడి పెళ్లికి వేస్తానని చెప్పాను.

నెట్‌లో ఉచితంగా దొరికే రెడీమేడ్ నడకలు, పరుగులు వాడొచ్చా? వెనకాల జనానికి వాడండి. ముఖ్యపాత్రకి వాడితే మాత్రం అదే నడక పక్క కాలేజీ సినిమాలో కూడా ఉంటుంది, జ్యూరీలో కూర్చున్నవాళ్లు అప్పటికే ఆరుసార్లు చూసి ఉంటారు.

అపోహ: ఎంత రియలిస్టిక్‌గా ఉంటే అంత గొప్ప

నిజం మనిషి మొహం చేయబోయి సగంలో ఆగితే శవంలా ఉంటుంది, అంతకంటే చెప్పను. మన తోలుబొమ్మలాట గుర్తు చేసుకోండి. పల్చటి తోలు, కొన్ని అతుకులు, వెనకాల దీపం, మొహంలో ఒక్క కండరం కదలదు. ఆ బొమ్మ ఏడుస్తోందని తెల్లవార్లూ జనం నమ్మారు. కొండపల్లి బొమ్మలా చెక్కగా కనిపించే పాత్ర పెట్టుకుంటే జుట్టు, చర్మం, బట్ట అనే మూడు తలనొప్పులూ ఒకేసారి పోతాయి, చూడ్డానికీ బాగుంటుంది.

అపోహ: సౌండ్ ఆఖర్న పెట్టుకోవచ్చు

ఆఖరి రాత్రి ఏదో సినిమా బీజీఎం తెచ్చి అతికించడం మన దగ్గర ఆచారం. క్లాసులో నడుస్తుంది. ఫెస్టివల్‌కి పంపాలంటే మ్యూజిక్ హక్కులు అడుగుతారు, అక్కడితో ఆగిపోతుంది. అసలు సంగతి అదీ కాదు, కాకి అరుపు ఎక్కడ పడుతుందో తెలియకుండా ముక్కు ఎప్పుడు తెరవాలో ఎలా యానిమేట్ చేస్తారు? యానిమాటిక్ రోజే తాత్కాలికంగానైనా శబ్దం ఉండాలి. మేం కాకుల్ని పొద్దున్నే ఫోన్‌తో రికార్డ్ చేసుకున్నాం. వడియం విరిగే శబ్దం వడియంతో రాలేదు, చాలా సన్నగా ఉంది. మైక్ దగ్గర అప్పడం విరిస్తే సరిగ్గా వచ్చింది. మిగతా అప్పడాల సంగతి అడక్కండి.

అపోహ: రెండర్ బటన్ నొక్కితే పని అయిపోయినట్టే

ఒక లాంగ్ షాట్‌ని నేరుగా ఎంపీ4 వీడియోగా రెండర్‌కి పెట్టి పడుకున్నాం. పదకొండో గంటలో కరెంట్ పోయింది. ఫైల్ తెరుచుకోలేదు, ఒక్క ఫ్రేము కూడా మిగల్లేదు. ఎప్పుడూ పీఎన్‌జీ గానీ ఈఎక్స్‌ఆర్ గానీ బొమ్మల వరుసగా రెండర్ చేయండి, కరెంట్ పోతే పోయిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలెట్టొచ్చు, ఒక్క ఫ్రేములో తప్పుంటే అదొక్కటే మార్చుకోవచ్చు, ఆ తర్వాత వీడియోగా కలపడం పది నిమిషాల పని. శాంపిల్స్ (ఒక్కో చుక్క వెలుగుని కంప్యూటర్ ఎన్నిసార్లు లెక్కకట్టాలో చెప్పే అంకె) తగ్గించి, దానివల్ల వచ్చే మచ్చల్ని తుడిచే డీనాయిజర్ వాడండి, కానీ ఒక్క ఫ్రేము చూసి సరే అనుకోవద్దు, కదులుతున్నప్పుడు మచ్చలు బుసబుసమంటాయి, ఓ రెండు సెకన్లు రెండర్ చేసి చూడండి.

బ్యాకప్ గురించి ఒక్కటే. 1998లో 'టాయ్ స్టోరీ 2' ఫైళ్లు ఒక తప్పు కమాండ్ వల్ల సర్వర్‌లో చెరిగిపోయాయి, బ్యాకప్ చూస్తే అదీ పనిచేయడం లేదు. పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ ఇంట్లో కాపీ ఉండబట్టి బయటపడ్డారు. వాళ్లకే అలా ఉంటే, 'ఫైనల్_ఫైనల్_నిజంగా_ఫైనల్' అని పేరు పెట్టి ఒకే పెన్‌డ్రైవ్‌లో తిప్పే మన సంగతి చెప్పక్కర్లేదు.

అపోహ: ఒక్కడే చేస్తేనే ఉద్యోగం వస్తుంది

రాదని అనను. కానీ స్టూడియోలో తీసుకునేవాళ్లు చూసేది నువ్వు ఏం చేశావో, అది ఎంత బాగా చేశావో అనే. 2018లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన ఫ్రెంచ్ విద్యార్థుల సినిమా 'గార్డెన్ పార్టీ'ని ఆరుగురు కలిసి చేశారు. షోరీల్‌లో, అంటే మన పని చూపించే వీడియోలో, ప్రతి షాట్ కింద "రిగ్గింగ్ (పాత్ర కదలడానికి లోపల ఎముకలు, కీళ్లు అమర్చడం) నాది, లైటింగ్ నాది కాదు" అని నిజాయతీగా రాసుకుంటే చాలు. నిజాయతీగా అని ఎందుకన్నానంటే ఒకే ఇంటర్వ్యూకి ఇద్దరు స్నేహితులు ఒకే షాట్ తమదేనని పట్టుకెళ్లడం నేను చూశాను.

జట్టులో గొడవలొస్తాయా? వస్తాయి. మాలో ఇద్దరు కాకి తోక గురించి మూడు వారాలు మాట్లాడుకోలేదు.

ఇంకొక్కటి, సబ్మిషన్‌కి ఒక రోజు ముందే హాల్లోని ప్రొజెక్టర్ మీద వేసి చూడండి. మేం చూడలేదు. మా కాకి నల్లది, ఆ ప్రొజెక్టర్ ముసలిది. ఈకల మీద నేను వారం రోజులు కూర్చుని వేసిన టెక్స్చర్ మొత్తం తెర మీద ఒక నల్లటి మచ్చ. ఆ మచ్చ కర్ర వంక ఒకసారి, వడియం వంక ఒకసారి తల తిప్పి చూసినప్పుడు హాలంతా నవ్వింది.