పాత బండికి మరమ్మతు, కొత్త బండికి పరీక్ష

కొత్త బైకును నడిపి చూద్దామని షోరూమ్ నుంచి ఫ్లైఓవర్ దాకా వెళ్లి రావడానికి పట్టింది పది నిమిషాలు. 160 సీసీ కొత్త బండి దిగి, బయట నిలబెట్టిన నా పదమూడేళ్ల 100 సీసీ బండికి కిక్ కొట్టి బయలుదేరగానే ఎడ్లబండి ఎక్కినట్లనిపించింది. హ్యాండిల్ బరువు. గేరు మారిస్తే ఖణేలుమని చప్పుడు. గుంతలో పడితే నడుము దాకా కుదుపు. నిన్నటి వరకు ఇవేవీ లేవే!

ఉన్నాయి. నాకు తెలియలేదంతే.

19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వేబర్ మనుషుల చేత బరువులు ఎత్తించి ఒక సంగతి గమనించాడు. కిలో కూరగాయల సంచిలో ఇంకో వంద గ్రాములు వేస్తే చేతికి తెలుస్తుంది. ఇరవై కిలోల బియ్యం సంచిలో వేస్తే తెలియదు. తేడా ఒక హద్దు దాటితేనే ఒంటికి అందుతుంది. పాత బండి మనల్ని మోసం చేసేది ఈ హద్దు దగ్గరే. చైన్ ఒక్కరోజులో సాగదు, ఫోర్క్‌లో, అంటే ముందు చక్రం కుదుపులను మింగే గొట్టాలలో, ఆయిల్ ఒక్క రాత్రిలో పాడవదు. ఈ రోజు బండిని నిన్నటి బండితో పోల్చుకుంటాం తప్ప, కొన్ననాటి బండితో కాదు. రోజూ హద్దుకు లోపలే ఉన్న అరుగుదల ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పోగుపడుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో నా బండి చూసే మెకానిక్‌కు వేబర్ పేరు తెలియదు, విషయం తెలుసు. "ముందు దీన్ని బాగు చేయించుకోండి సార్, తరువాత కొత్తది నడిపి చూడండి" అన్నాడు. ముందు చక్రం గాలిలోకి లేపి, హ్యాండిల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పమన్నాడు. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి గాడిలో పడ్డట్లు చిన్నగా ఆగింది. కోన్‌సెట్‌లోని, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్‌లోని, బాల్స్ ఇన్నేళ్లూ గుంతల దెబ్బలు తిని, తాము తిరిగే చోటే గుంటలు పెట్టేశాయి. బండి ఎటు ఒరిగితే ముందు చక్రం అటు వెంట్రుకవాసి తిరిగి దాన్ని నిలబెడుతుంది. తిన్నగా పోతున్నామని మనం అనుకునే ప్రతి క్షణం ఈ సర్దుబాటు జరుగుతూనే ఉంటుంది. గాడి దానికి అడ్డుపడుతోంది. నేను బరువనుకున్నది ఇదన్నమాట. టైరు పక్కన 2316 అనే అంకెలు కూడా చూపించాడు: 2016లో 23వ వారంలో తయారైందని. గాట్లు ఇంకా ఉన్నాయి కానీ రబ్బరు గోరు దిగనంత గట్టిపడింది.

కోన్‌సెట్, చైన్‌సెట్, ఫోర్క్ ఆయిల్, ముందు టైరు మార్పించి, వారం తిరిగి, మళ్లీ షోరూమ్‌కు వెళ్లాను. మొదటిసారి కనిపించిన తేడాలో సగానికి పైగా మాయం! మిగిలిన దానిలో కొంత ఇంజిన్‌ది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ల స్థానంలో చాలా బండ్లకు పెట్రోలును కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదని చోక్ లాగే పని ఇప్పుడు లేదు. సెన్సర్లు వేడిని, గాలిని చూసి చెబితే, ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటర్ లెక్కవేస్తుంది. హాయే, కానీ చోక్ లాగడం నాకెప్పుడూ కష్టమనిపించలేదు.

అసలు తేడా బ్రేకులది. పొడి రోడ్డు మీద వేగం ప్రతి సెకనుకూ గంటకు సుమారు 22 కిలోమీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి సుమారు 10 మీటర్లలో ఆగుతుంది. 60లో ఉంటే 23 మీటర్లు కావాలి. వేగం ఒకటిన్నర రెట్లు, దూరం రెండుంబావు రెట్లు. షోరూమ్ చుట్టూ 40లో తిప్పి బ్రేకులు భలే ఉన్నాయనుకుంటే ఏమీ తేలనట్లే.

పైగా బ్రేకు వేయగానే బరువంతా ముందుకు తోసుకొస్తుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకుదే. భయపడి గట్టిగా నొక్కితే, అందులోనూ రోడ్డు జారుడుగా ఉంటే, చక్రం బిగుసుకుపోతుంది. తిరగని ముందు చక్రం బండిని నిలబెట్టలేదు, రెప్పపాటులో పడేస్తుంది. కొత్త బండిలోని ఏబీఎస్ (యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్) పని చేసేది ఇక్కడే: చక్రం బిగుసుకోబోతోందని సెన్సర్ చెప్పగానే బ్రేకును సెకనుకు చాలాసార్లు వదిలి పడుతుంది. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. నా పాత బండికి ముందు ఉన్నది డ్రమ్ బ్రేకు. ఎంత మరమ్మతు చేయించినా ఏబీఎస్ ఒక్కటి దానికి రాదు.

ఖాళీ రోడ్డు చూసుకుని 60లో గట్టిగా బ్రేకు వేశాను. పొడి రోడ్డు కదా, ఏబీఎస్‌కు పని పడలేదు. వాన పడ్డ రోజు మళ్లీ వస్తానంటే షోరూమ్ కుర్రాడు నా వైపు అదోలా చూశాడు.