ముందు మైనస్ ఎందుకు విప్పాలి?

కారు బ్యాటరీ తీసేటప్పుడు మైనస్ కేబులునే ముందు విప్పాలని మెకానిక్ పట్టుబట్టాడనీ, ఎలాగూ రెండూ విప్పేవే అయినప్పుడు ఏది ముందయితేనేమనీ పాఠకులొకరు అడిగారు. దీనికి జవాబు నా దగ్గరున్న ఒక పదో నంబరు పానా మీదే ఉంది. దాని తోక దగ్గర ఎలుక కొరికినట్టు చిన్న గుంట, ఆ గుంట అంచున కరిగి గడ్డకట్టిన ఆవగింజంత ఇనుప పూస కనిపిస్తాయి. చాలా ఏళ్ల క్రితం తొందరలో ప్లస్ నట్టును ముందు తిప్పబోయి, పానా తోకను పక్కనున్న ఇనుప పట్టీకి తగిలించిన నాటి గుర్తు అది.

బడిలో బల్బు బొమ్మ గీసినప్పుడల్లా రెండు తీగలు గీయిస్తాము. ఆ బొమ్మనే మనసులో పెట్టుకుని బానెట్ ఎత్తిన విద్యార్థికి చాలాచోట్ల రెండో తీగ కనిపించదు, ఎందుకంటే ఆ పనిని కారు ఇనుప బాడీయే చేస్తుంది. బ్యాటరీ మైనస్ నుంచి బయలుదేరిన లావుపాటి నల్ల కేబులు కొద్ది దూరంలోనే బాడీకి బిగించి ఉంటుంది. దీన్ని మెకానిక్కులు 'బాడీ ఎర్త్' అంటారు. నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడిన బండికి భూమితో ఏ సంబంధమూ లేదు గానీ, టెలిగ్రాఫుకు రెండో తీగ బదులు నేలనే వాడవచ్చని 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ అనే భౌతిక శాస్త్రవేత్త చూపినట్టే, ఇక్కడ ఆ తిరుగుదారి బాధ్యతను ఇనుము మోస్తుంది.

దీని పర్యవసానాన్ని కాస్త నిదానంగా ఊహించండి. మైనస్ కేబులు బిగించి ఉన్నంతసేపూ ఫెండరు, ఇంజను దిమ్మ, బానెట్ కీలు, బ్యాటరీని పట్టి ఉంచే ఇనుప బిగింపు, ఇవన్నీ కలిసి ఒకే ఒక పెద్ద మైనస్ టెర్మినల్ అయి ఉంటాయి. ప్లస్ నట్టుకు పానా వేసి తిప్పడమంటే, మైనస్ గోడల మధ్య ఒక ప్లస్ కడ్డీని ఆడించడమే. అదే పానాను మైనస్ నట్టుకు వేస్తే, తోక బాడీకి తగిలినా ఏమీ జరగదు, ఎందుకంటే రెండు చివరలా ఉన్నది మైనస్సే. ఆ కేబులు ఊడిన క్షణం నుంచి బాడీ ఉత్త ఇనుము. అప్పుడు ప్లస్ మీదున్న పానా దానికి తగిలినా, తిరిగి రాలేని చోటికి కరెంటు అసలు బయలుదేరదు.

'పన్నెండు వోల్టులేగా' అనేవారు చర్మం గురించి చెబుతున్నారు, ఇనుము గురించి కాదు. పొడి చేతుల నిరోధం వేల ఓములు ఉంటుంది గనుక, ఆ వోల్టేజికి వాటిలో పారే కరెంటు కొద్ది మిల్లీ ఆంపియర్లు దాటదు. పానా నిరోధం ఓములో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆరు సెల్లుల బ్యాటరీ పూర్తి చార్జిలో 12.6 వోల్టులు ఇస్తుంది. దాని లోపలి నిరోధాన్ని 0.01 ఓము అనుకుంటే, లెక్క 1,260 ఆంపియర్లకు చేరుతుంది. ఇంట్లో గీజరు ప్లగ్గు 15 ఆంపియర్లదని గుర్తుచేసుకోండి. తాకిడి అంచున కొంత నిరోధం ఉంటుంది కాబట్టి నిజానికి అంత పారకపోయినా, వందల ఆంపియర్లు ఆవగింజంత చోటులో దూరితే ఉక్కు కరుగుతుంది. శనిదోషం పోవాలని తొడిగిన ఇనుప ఉంగరమైనా, రాగి కడియమైనా ఆ దారిలో పడితే చర్మాన్ని కాల్చేస్తుంది, కాబట్టి గ్రహశాంతికి కాసేపు విరామమిచ్చి వాటిని తీసి జేబులో వేసుకోవాలి.

రెండో ప్రమాదం హైడ్రోజన్. చార్జింగు మితిమీరినప్పుడు ఆమ్లంలోని నీరు విడిపోయి వెలువడే ఈ వాయువు గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకే చార్జరును ముందు ఆపి, గాలి ఆడనిచ్చి, లైట్లూ ఇంజనూ ఆపి, తాళంచెవి బయట పెట్టుకున్నాకే పానా పట్టాలి. ప్లస్‌ను బాడీకి కలిపిన పాత బ్రిటిష్ కార్లలో వరుస తిరగబడుతుంది, అంటే బాడీకి కలిసిందే ముందు ఊడాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలోని నారింజ రంగు కేబుళ్లు వందల వోల్టులవి, వాటి జోలికి పోకూడదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి మూడు నెలలకు తిరిగొచ్చిన పెద్దలకు, సెల్ఫ్ కొట్టినా పలకని కారు ఎదురుకావడం మామూలే. ఆపిన బండిలో కూడా గడియారం, అలారం వగైరాలు 50 మిల్లీ ఆంపియర్లు తాగుతుంటే రోజుకు 1.2 ఆంపియర్ గంటలు పోతాయి, 35 ఆంపియర్ గంటల బ్యాటరీ నెల లోపే అడుగంటుతుంది. అలాంటివారు ఊరు వెళ్లేముందు మైనస్ ఒక్కటి విప్పితే సరిపోతుంది. అయితే విప్పిన తర్వాత కూడా రెండు టెర్మినళ్ల మధ్య 12 వోల్టులు అలాగే ఉంటాయి కనుక, ప్లస్ మీది ఎర్ర మూతను తీయకూడదు, బ్యాటరీ మీద పానాను పెట్టకూడదు. తిరిగి బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ఆఖరి తాకిడికి 'టిక్కు'మని చిన్న రవ్వ రావచ్చు, అది కారు కంప్యూటరు పెట్టెల్లో చార్జిని నిలవచేసే కెపాసిటర్లు ఖాళీగా ఉండి ఒక్కసారిగా నిండడం వల్ల.

ఇక విప్పిన కేబులును అక్కడే వదలకండి. లావుపాటి రాగి తీగకు పాత వంపు గుర్తుంటుంది, ఎటు వంచినా నెమ్మదిగా మళ్లీ టెర్మినల్ వైపే వాలుతుంది. దాని కొసకు పొడి గుడ్డ చుట్టి, తాడుతో పక్కకు లాగి కట్టాలి.