సోదర నగరాల మధ్యకు రాజధాని ఎలా వచ్చింది?

రెండు దేశాల మధ్య గొడవ ముదిరితే ఇప్పుడు మేయర్ల మీద కూడా ఒత్తిడి మొదలవుతోంది. అవతలి దేశపు ఊరితో ఉన్న సోదర నగర ఒప్పందాన్ని, అంటే రెండు ఊళ్లు స్నేహంగా రాకపోకలు సాగించేందుకు రాసుకున్న ఒప్పందాన్ని, రద్దు చేయాలంటూ కౌన్సిల్‌లో తీర్మానం పెడతారు. 2022లో ఉక్రెయిన్‌పై రష్యా పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టాక యూరప్, అమెరికాల్లో చాలా నగరాలు రష్యా ఊళ్లతో సంబంధాలు తెంచుకున్నాయి, లేదా పక్కన పెట్టాయి. ఆ వాదనే మళ్లీ వినిపిస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో ఊళ్లు చేతులు కలిపిన కథ చాలామందికి తెలిసిందే. ఇప్పటి తరహా చిక్కుముడి మాత్రం చెక్ రాజధాని ప్రాగ్‌లో పడింది.

2016లో ప్రాగ్, బీజింగ్ చేసుకున్న ఒప్పందంలో, తైవాన్ కూడా చైనాలో భాగమేననే 'ఒకే చైనా' విధానాన్ని గౌరవిస్తామన్న నిబంధన చేరింది. తైవాన్ ఎవరిదన్నది దేశాలు తేల్చుకోవాల్సిన విషయం. విద్యార్థులను, సంగీత బృందాలను పంపుకోవడానికి రాసుకున్న కాగితంలో దానికి చోటెందుకు? 2018 చివర్లో మేయరైన జ్దెనెక్ హ్రిబ్ అడిగింది ఇదే. ఆ నిబంధన తీసేసి మిగతా ఒప్పందాన్ని కొనసాగిద్దామన్నారు. చైనా విధానం తమ ప్రభుత్వం చూసుకుంటుందని, నగరానికి దానితో పనిలేదని వాదించారు.

అది తమ మౌలిక సూత్రమని, దానిపై బేరం లేదని బీజింగ్ చెప్పింది. ఈలోగా ప్రాగ్ ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రా చైనా పర్యటన రద్దయింది. నిబంధనతో ఏ సంబంధమూ లేని కళాకారులు నష్టపోయారు. 2019 అక్టోబరులో ప్రాగ్ కౌన్సిల్ ఒప్పందం నుంచి తప్పుకుంది. 2020 జనవరిలో తైవాన్ రాజధాని తైపేతో సోదర నగర ఒప్పందంపై సంతకం చేయగానే షాంఘై కూడా ప్రాగ్‌తో తెగదెంపులు చేసుకుంది.

దీనికి ముందే, 2018లో, శాన్‌ఫ్రాన్సిస్కోతో 1957 నుంచి ఉన్న బంధాన్ని ఒసాకా మేయర్ తెంచేశారు. జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన మహిళల స్మారక విగ్రహాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో స్వీకరించడమే కారణం. అక్కడా దేశ చరిత్ర మీద తగాదా ఊళ్ల మెడకు చుట్టుకుంది.

ఒకప్పుడు ఊళ్లే ప్రభుత్వాల కంటే ముందు నడిచాయి. ఫ్రాన్స్‌లోని మోంబెలియార్ మేయర్ లూసియన్ తరాదాఁ నాజీల బుఖెన్‌వాల్డ్ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి. ఆయన హయాంలోనే, 1950లో, ఆ ఊరు జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌తో చేయి కలిపింది. రెండు దేశాల మైత్రి ఒప్పందం 1963లో గానీ రాలేదు.

తెంచుకోవాలనే వారి చేతిలో ఒక బలమైన ఉదాహరణ ఉంది. పోలండ్‌లోని క్రాష్నిక్ కౌన్సిల్ 2019లో ఎల్‌జీబీటీ వ్యతిరేక తీర్మానం చేసింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని భాగస్వామి ఊరు నోజాన్-సుర్-వాజ్ సంబంధాలు నిలిపేసింది. నార్వే దేశం ఇచ్చే సాయం నిధులు కూడా చేజారే పరిస్థితి రావడంతో 2021లో క్రాష్నిక్ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. అంటే ఒత్తిడి పనిచేసింది. కానీ ఆ తప్పు చేసింది ఆ కౌన్సిలే, దిద్దుకునే అధికారమూ దానికే ఉంది. ఇప్పుడు రద్దు కోరుతున్న చోట్ల నిర్ణయాలు రాజధానుల్లో జరిగాయి, వాటిని మార్చే అధికారం ఏ మున్సిపాలిటీకీ లేదు. కౌన్సిలర్లు ఓటేసే ముందు ఈ తేడా చూడాలి. తమ ఒప్పందంలో ఏ నిబంధనలు ఉన్నాయో కూడా ఒకసారి చదవాలి.