కాగితం లేని సంతకం: అపోహలు - వాస్తవాలు

ఒంగోలు కర్నూలు రోడ్డులోని మా ఆఫీసు బోర్డు మీద ‘డీఎస్సీ’ అన్న మూడక్షరాలు చూసి, ఇక్కడ టీచర్ ఉద్యోగాలకు కోచింగ్ ఇస్తారా అని లోపలికి వచ్చి అడిగినవారు చాలామందే ఉన్నారు. మేము ఇప్పించేది డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్లు, అంటే కంప్యూటరులో చేసిన సంతకం ఎవరిదో చూపే గుర్తింపు పత్రాలు. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారులు, టెండర్లు వేసే కాంట్రాక్టర్లు, కంపెనీల డైరెక్టర్లు వీటికోసం వస్తుంటారు. ఏళ్ల తరబడి వీటిని వాడుతున్నవారు కూడా ఆ సంతకం అసలు ఎక్కడ ఉంటుందని అడిగితే తడబడతారు. మేము రోజూ వినే అపోహల్లో చాలావరకు ఆ తడబాటు నుంచే పుడతాయి.

అపోహ: తెల్లకాగితం మీద సంతకం చేసి, ఫోటో తీసి పీడీఎఫ్‌లో అతికిస్తే అదే డిజిటల్ సంతకం.

వాస్తవం: అది సంతకం బొమ్మ మాత్రమే. ఒక పత్రం మీది బొమ్మను కత్తిరించి మరో పత్రం మీద పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. అలాగని అటువంటి పత్రానికి బొత్తిగా విలువ లేదనీ చెప్పకూడదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదుర్చుకున్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని 2000 నాటి ఐటీ (సమాచార సాంకేతిక) చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది కాబట్టి, మెయిళ్లు, చెల్లింపులు వగైరా ఆధారాలతో ఆ ఒప్పందాన్ని రుజువు చేసుకోవచ్చు. కానీ ఆ రుజువు భారం మీ నెత్తిన పడుతుంది.

చట్టం గుర్తించే డిజిటల్ సంతకం పనిచేసే తీరు వేరు. ఫైలులోని మొత్తం సమాచారం నుంచి కంప్యూటరు ముందుగా ఒక చిన్న సంఖ్యను తయారుచేస్తుంది. దీన్ని హ్యాష్ అంటారు, ఫైలుకు వేలిముద్ర అనుకోవచ్చు. ఆ వేలిముద్రను, పెన్‌డ్రైవ్ లాంటి మీ టోకెన్‌లో ఉన్న రహస్య కీతో, అంటే మీ ఒక్కరికే చెందిన రహస్య సంఖ్యతో ముడివేసి, ఫలితాన్ని ఫైలులోనే భద్రపరుస్తుంది. ఆ తరువాత ఎవరైనా ఐదు లక్షలను ఆరు లక్షలుగా దిద్దితే వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది, ఫైలు తెరిచినప్పుడు సంతకం సరిపోలడం లేదని కనిపిస్తుంది. పేజీ మీద పేరు, తేదీ, సమయంతో కనిపించే పెట్టె మన కంటి సౌకర్యం కోసం పెట్టిందే.

అపోహ: ప్రింటు తీసి చేతిలో పెట్టుకుంటేనే అది ‘ఒరిజినల్’.

వాస్తవం: ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఒకసారి ఒక గ్రానైట్ కంపెనీ గుమాస్తా ముఖం వేలాడేసుకుని వచ్చాడు. బెంగళూరు కొనుగోలుదారు డిజిటల్ సంతకం చేసి పంపిన ఒప్పందాన్ని ఇతను కలర్ ప్రింటు తీయించి, ప్రతి పేజీకీ రౌండ్ సీలు వేసి, యజమాని చేత నీలం ఇంకుతో సంతకం పెట్టించి, స్కాన్ చేసి శ్రద్ధగా తిప్పి పంపాడు. అవతలివారు దాన్ని అంగీకరించలేదు. స్కాన్ చేసిన ఫైలులో వారి డిజిటల్ సంతకం లేదు, మనవాళ్లది అసలు పడలేదు. యజమాని టోకెన్ మాత్రం అదే ఆఫీసు సొరుగులో ఉంది. వచ్చిన ఫైలునే తెరిచి, టోకెన్ పెట్టి, రెండో సంతకం జోడిస్తే అయిదు నిమిషాల్లో పని అయిపోయేది.

కాబట్టి ఫైలు వచ్చిన రూపంలోనే దాచుకోవాలి. ‘ప్రింట్ టు పీడీఎఫ్’ కొట్టి మళ్లీ సేవ్ చేసినా సంతకం పోతుంది, పేజీ చూడటానికి మాత్రం అచ్చంగా అలాగే ఉంటుంది. ఎప్పుడైనా కోర్టులో ప్రింటు దాఖలు చేయవలసి వస్తే, భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జూలై 1కి ముందు పాత సాక్ష్య చట్టంలోని 65బీ ఇదే పని చేసేది.

అపోహ: సంతకం మీద పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తే ఆ పత్రం నకిలీ.

వాస్తవం: ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసుకున్న చాలామంది ఈ గుర్తు చూసి కంగారుపడి ఉంటారు. సర్టిఫికెట్ జారీచేసిన సంస్థను మీ కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ ఇంకా నమ్మకమైనదిగా నమోదు చేసుకోలేదని మాత్రమే దాని అర్థం. సంతకం మీద రైట్ క్లిక్ చేసి, సర్టిఫికెట్ వివరాలు తెరిచి, వరుసలో అన్నిటికన్నా పైన ‘సీసీఏ ఇండియా’ ఉందని చూసుకున్న తరువాత దాన్ని నమ్మకమైన జాబితాలో చేర్చండి. మన దేశంలో ఈ సంస్థలన్నిటికీ లైసెన్సు ఇచ్చే అధికారి సీసీఏ. పైన ఆ పేరు లేకుండా ఎవరో సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్ కనిపిస్తే మాత్రం అక్కడే ఆగాలి. ఆకుపచ్చ టిక్కు వచ్చినా, సంతకం ఎవరిదో, ఆ తరువాత ఫైలు మారిందో లేదో అంతవరకే అది చెబుతుంది. లోపల రాసిన లెక్కలు నిజమని దాని పూచీ ఏమీ ఉండదు.

అపోహ: టోకెన్ ఆడిటరు దగ్గర ఉంటేనే క్షేమం.

వాస్తవం: ఈ మాట రాస్తే నా తోటివారిలో కొందరికి నచ్చకపోవచ్చు. ఒక ఆఫీసు బల్ల సొరుగులో ఇరవైకి పైగా టోకెన్లు, ఒక్కోదాని మీద పాస్‌వర్డ్ రాసిన ప్లాస్టరు ముక్కతో సహా, రబ్బరు బ్యాండు వేసి ఉండటం నేను స్వయంగా చూశాను. అంటే ఇరవైమందికి పైగా యజమానుల చేతివ్రాలు ఒక గుమాస్తా చేతిలో ఉన్నట్టే. రహస్య కీ తన అదుపులో ఉండేలా తగిన జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత ఐటీ చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో వారిదే. ఆ కీ మరొకరి చేతికి చిక్కిందని తెలిస్తే జారీచేసిన సంస్థకు వెంటనే తెలియజేసి రద్దు చేయించుకోవాలి. మోసపూరితంగా ఒకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని వాడినవారికి 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కానీ ఆ రోజు సంతకం చేసింది మీరు కాదని చూపించుకోవడానికి మీరు ఎంత తిరగాలో ఆలోచించండి.

అపోహ: టోకెన్ లేకుండా ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ (ఆన్‌లైన్ సంతకం) చేస్తే మన పత్రం ఆధార్ సంస్థకు వెళ్తుంది, పైగా అరగంటలో ఆ సంతకం గడువు తీరిపోతుంది.

వాస్తవం: ఈ-సైన్ సేవకు వెళ్లేది పత్రం కాదు, పైన చెప్పిన వేలిముద్ర సంఖ్య. ఓటీపీ సరిపోయాక ఆ ఒక్క సంతకం కోసం కీ తయారవుతుంది, పని కాగానే చెరిపివేస్తారు. సర్టిఫికెట్ గడువు అరగంటే అన్నది నిజం. అయితే చూడవలసింది సంతకం చేసిన క్షణంలో అది అమల్లో ఉందా లేదా అని. రిజిస్ట్రారు బదిలీ అయిపోతే ఆయన సంతకం చేసిన పాత దస్తావేజులు రద్దు కావు కదా.

అపోహ: ఇక అన్నిటికీ ఇదే సంతకం చాలు.

వాస్తవం: మా ప్రాంతంలో జాగ్రత్తగా ఉండవలసింది ఇక్కడే. ఇక్కడ చేబదులు ఇచ్చినా, పొగాకు పంట మీద పెట్టుబడి పెట్టినా, నోటు రాయించుకోవడం అలవాటు. ఇద్దరు వ్యక్తుల మధ్య రాసుకునే ప్రామిసరీ నోటుకు ఐటీ చట్టం వర్తించదు. నోట్ల విషయంలో 2022 సెప్టెంబరులో ఇచ్చిన సడలింపు బ్యాంకుల వంటి, ఆర్‌బీఐ తదితర నియంత్రణ సంస్థల పరిధిలోని సంస్థలకు రాసే డిమాండు నోట్లకే (అడగ్గానే చెల్లించవలసినవి) పరిమితం. వడ్డీకి ఇచ్చేవారు రెవెన్యూ స్టాంపు మీద సిరా సంతకం తీసుకోవలసిందే. వీలునామాదీ అంతే, రాసినవారి సంతకంతో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలూ కాగితం మీదే ఉండాలి.

ఇలా ఐటీ చట్టం వర్తించని పత్రాలకు ఒక మినహాయింపుల జాబితా ఉంది, స్థలాల అమ్మకం ఒప్పందాలను 2022లో ఆ జాబితా నుంచి తీసివేశారు. దాన్నిబట్టి ఇంట్లో కూర్చుని ఓటీపీ కొట్టి పొలం రాసేయవచ్చని కొందరు ప్రచారం చేస్తున్నారు. వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయ దస్తావేజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న నియమం ఎప్పటిలాగే ఉంది, స్టాంపు డ్యూటీ కూడా ఉంది. అమెరికాలో ఉన్న అబ్బాయి కావలిలో ఉన్న నాన్నకు పొలం విషయంలో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలన్నా, అక్కడి నోటరీ ముందో భారత కాన్సులేట్‌లోనో కాగితం మీద సంతకం చేసి పంపవలసిందే. ఆ కాగితం మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. చాలామంది కవరు విప్పి, చదువుకుని, బీరువాలో పెట్టి ఈ గడువును మరిచిపోతున్నారు.