బోరు నీళ్ల మీద సణుగుడు

హైదరాబాదు పడమటి అంచున ఉన్న ఒక అపార్ట్‌మెంటులోకి మేము మారి నెల తిరగకముందే మా అమ్మ ఒక ఫిర్యాదు మొదలుపెట్టింది. "ఈ బోరు నీళ్లల్ల పప్పు ఉడుకుతలేదు బిడ్డా" అని రోజూ వంటింట్లోంచి వినబడేది. కుక్కర్ పాతదే, కందిపప్పు తెచ్చే దుకాణం పాతదే, పొయ్యి కూడా పాతదే. మారింది నీళ్లు మాత్రమే. పాత కాలనీలో మంజీర నల్లా వచ్చేది. ఇక్కడ బోరు, అది ఎండిన రోజుల్లో ట్యాంకరు. కొద్ది రోజులకు ఆ ఒక్క ఫిర్యాదుకు మరికొన్ని తోడయ్యాయి. సబ్బు ఎంత రుద్దినా నురగ రావడం లేదనీ, తోమి బోర్లించిన స్టీలు గిన్నెల మీద ఆరగానే తెల్లని చారలు తేలుతున్నాయనీ, నల్లా మూతికి ఉన్న జాలీ మూసుకుపోయి నీళ్లు పక్కలకు చిమ్ముతున్నాయనీ, తలస్నానం చేస్తే జుట్టు పీచులా అవుతోందనీ ఆమె చెప్పేది. ఇంట్లో మిగిలినవాళ్లం దీన్ని కొత్త ఇంటి మీద అయిష్టంగా భావించి ఊరుకున్నాం. అది మా పొరపాటు. ఆమె చెప్పిన ప్రతి మాటా రసాయనశాస్త్రం ప్రకారం నిజమైన పరిశీలనే.

ఈ ఫిర్యాదులన్నిటికీ మూలం ఒకటే. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే దాన్ని కఠిన జలం అంటామని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. తాగునీటికి వర్తించే ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంకెల్లో కన్నా బకెట్లలో చూస్తే ఈ లెక్క బాగా అర్థమవుతుంది. లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటిని 20 లీటర్ల బకెట్‌లో పడితే, పైకి స్వచ్ఛంగా కనిపించే ఆ నీటిలో 8 గ్రాముల సున్నపు పదార్థానికి సమానమైన లవణాలు కరిగి ఉంటాయి. వెయ్యి లీటర్ల ట్యాంకులో అయితే 400 గ్రాములు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. సున్నపురాతి నేలల్లో నీరు ఇలా ఉంటే ఆశ్చర్యం లేదు. కానీ మౌలాలీ గుట్ట నుంచి గోల్కొండ దాకా హైదరాబాదు అంతా గ్రానైటు మీద నిలబడి ఉంది. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి ఆ గట్టి రాతిలోంచి సున్నం ఎలా వచ్చింది? సమాధానం ఆ రాతిని దగ్గరగా చూస్తే దొరుకుతుంది. గ్రానైటులో గాజులా మెరిసే క్వార్ట్జ్‌తో పాటు తెల్లగా, గులాబీ రంగులో ఫెల్డ్‌స్పార్ పలుకులు ఉంటాయి. వాటిలో ఒక రకంలో కాల్షియం ఉంటుంది. వాన నీరు మట్టిలోకి ఇంకేటప్పుడు, వేర్లూ సూక్ష్మజీవులూ విడిచిన కార్బన్ డయాక్సైడ్‌ను తనలో కలుపుకుని స్వల్పంగా ఆమ్లంగా మారుతుంది. మట్టి రంధ్రాల్లోని గాలిలో ఈ వాయువు బయటి గాలిలో కన్నా పదుల రెట్లు, కొన్నిచోట్ల వంద రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ ఆమ్ల జలం రాతి పగుళ్లలో నిలిచి, ఫెల్డ్‌స్పార్‌ను మెల్లమెల్లగా కరిగిస్తూ, కాల్షియాన్ని బైకార్బనేట్ రూపంలో తన వెంట తీసుకుపోతుంది. పైగా మనది వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న పీఠభూమి. నీరు ఆవిరైపోయినప్పుడు ఆ కాల్షియం మట్టిలోనే తెల్లని సున్నపు గడ్డలుగా మిగిలి, తర్వాతి వానలకు మళ్లీ కరిగి కిందికి దిగుతుంది. బోరు లోతుగా వెళ్లే కొద్దీ సాధారణంగా నీరు రాతితో గడిపిన కాలం పెరుగుతుంది, కరిగిన లవణాలూ పెరుగుతాయి. నగరం చుట్టూ వెయ్యి అడుగుల దాకా బోర్లు వేస్తున్న ఈ రోజుల్లో వంటింటి ఫిర్యాదు పెరగడంలో వింత లేదు. చెరువులో చేరిన వాన నీటికి రాతితో అంత సహవాసం ఉండదు. 1908 నాటి మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లకు పాత నగరంలో మంచి పేరు రావడానికి అదొక కారణం.

ఇప్పుడు సబ్బు సంగతి. సబ్బు అణువుకు ఒక కొన నీటిని, మరో కొన జిడ్డును అంటిపెట్టుకుంటుంది. కాల్షియం అయాన్ ఎదురైతే రెండు సబ్బు అణువులు దానికి అతుక్కుని, నీటిలో కరగని తెట్టుగా తేలతాయి. ఉన్న కాల్షియం అంతా ఇలా తీరే వరకు నురగ పుట్టదు. సబ్బును స్వచ్ఛమైన సోడియం స్టియరేట్ అనుకుని లెక్కగడితే, 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న ఒక బకెట్ నీటిని సంతృప్తి పరచడానికే దాదాపు 49 గ్రాములు, అంటే 100 గ్రాముల సబ్బులో సగం కావాలి. బకెట్ అంచున చేతికి జిగటగా తగిలే బూడిదరంగు వలయం ఆ సగమే. అదే తెట్టు వెంట్రుకల మీద పేరుకుంటే జుట్టు గరుకుగా మారుతుంది. జుట్టు మొత్తం ఈ నీళ్ల వల్లే ఊడిపోతోందని చాలామంది భయపడతారు గానీ, వెంట్రుక పెరిగే కుదురు చర్మం లోపల ఉంటుంది కనుక ఈ పొర దాన్ని చేరదు. గరుకుదనం మాత్రం నిజం. కుంకుడుకాయ రసం ఇలా తెట్టు కట్టదు. అందులోని సాపోనిన్ అణువులకు చక్కెర గొలుసులు అతికి ఉంటాయి, కాల్షియం ఉన్నా అవి నీటిలో కరిగే ఉంటాయి. బోరు నీళ్లకు కుంకుళ్లే మేలని మా అమ్మ ఏ పుస్తకమూ చూడకుండానే తేల్చింది.

పప్పు విషయం ఇంకా ఆసక్తికరమైనది. పప్పు బద్దలోని కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే జిగురు పేరు పెక్టిన్. వేడికి ఆ జిగురు కరిగి కణాలు విడిపోవడమే మనం ఉడకడం అంటున్నది. కాల్షియం అయాన్‌కు రెండు ధనావేశాలు ఉంటాయి కనుక అది పక్కపక్కనే ఉన్న రెండు పెక్టిన్ గొలుసులను చెరో చేత్తో పట్టుకుని బిగిస్తుంది. ఇక ఎన్ని విజిల్స్ వచ్చినా బద్ద పలుకుగానే ఉంటుంది. ఆగ్రా పేఠా అనే మిఠాయి చేసేవారు బూడిద గుమ్మడికాయ ముక్కలను సున్నపు నీటిలో నానబెట్టేది ఈ బిగింపు కోసమే. అక్కడ కోరి తెచ్చుకున్న గుణం మన పప్పులో చేటు అవుతోంది. పులుపు కూడా పెక్టిన్‌ను సులువుగా కరగనివ్వదు, అందుకే చింతపండు పులుసు పప్పు మెత్తబడ్డాకనే పోస్తారు. చిటికెడు తినే సోడా వేస్తే పప్పు త్వరగా మెత్తబడుతుంది గానీ, ఆ క్షారానికి పప్పులోని బి1 విటమిన్ నశిస్తుంది. అంతకన్నా నీళ్లను ముందుగా బాగా మరగబెట్టి, చల్లార్చి, పైనుంచి తేటను వంచుకుని వాడటం మంచిది.

మరగబెట్టడం ఎందుకు పనిచేస్తుందో గీజరు చెబుతుంది. వేడికి కాల్షియం బైకార్బనేట్ విడిపోయి కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, కాల్షియం కార్బనేట్ తెల్లని పొరగా మిగులుతుంది. తాత్కాలిక కాఠిన్యం అంటే ఇదే. సల్ఫేట్, క్లోరైడ్ రూపంలో ఉన్నది మరగబెట్టినా పోదు. ఉప్పు, పంచదార వేడి నీటిలో ఎక్కువగా కరుగుతాయి, కాల్షియం కార్బనేట్ మాత్రం వేడెక్కే కొద్దీ తక్కువ కరుగుతుంది. అందువల్ల నీటిలో అన్నిటికన్నా వేడిగా ఉండే చోటు, అంటే కాయిల్, దానికి మొదటి పీట అవుతుంది. అదే 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటిని రోజుకు 40 లీటర్లు కాచే గీజరులో కాఠిన్యంలో పదో వంతు మాత్రమే పొరగా దిగినా ఏడాదికి అర కిలోకు పైగా పేరుకుంటుంది. మా ఇంట్లో కాలిపోయిన కాయిల్‌ను బయటికి తీసినప్పుడు అది పగడపు దిబ్బలోంచి తెచ్చిన కొమ్మలా ఉంది. ఈ పొర రాగి కన్నా వంద రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. దీనివల్ల కరెంటు బిల్లు విపరీతంగా పెరుగుతుందన్న మాట అంత సరి కాదు, ఎందుకంటే కాయిల్‌లో పుట్టిన వేడి ఆలస్యంగానైనా నీటికే చేరుతుంది. అసలు నష్టం కాయిల్‌కే. వేడి బయటికి పోలేక అది తనంతట తానే కాలిపోతుంది.

సున్నంతో సున్నాన్ని తీసే ఉపాయం కూడా ఒకటి ఉంది. తడి సున్నాన్ని లెక్క ప్రకారం కలిపితే నీటిలోని బైకార్బనేట్ మొత్తం కరగని కార్బనేట్‌గా మారి అడుక్కి దిగుతుంది. స్కాట్లాండుకు చెందిన థామస్ క్లార్క్ 1841లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. నేడు అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్ వేరే పద్ధతిలో, కాల్షియాన్ని రెజిన్ పూసల్లో పట్టుకుని బదులుగా సోడియాన్ని వదులుతుంది. ప్రతి 100 మిల్లీగ్రాముల కాఠిన్యానికి 46 మిల్లీగ్రాముల సోడియం నీటిలో చేరుతుంది. అందుకే రక్తపోటు ఉన్నవారు ఆ నీటిని తాగడానికి వాడే ముందు వైద్యుణ్ణి అడగడం మేలు.

కాఠిన్యం వల్ల ఆరోగ్యానికి హాని ఉందా అని అందరూ అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మన చేత సణుగుడు పుట్టించని పదార్థాలు. ఫ్లోరైడ్, నైట్రేట్ కంటికి కనబడవు, చారలు కట్టవు, పప్పును ఆపవు. కాల్షియం తక్కువగా ఉన్న నీటిలోనే సాధారణంగా ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉండగలదు కనుక, సబ్బు చక్కగా నురగ వచ్చిందని బోరు నీటిని నమ్మడానికి వీల్లేదు. మనకు పక్కనే ఉన్న నల్లగొండ ప్రజలు ఎముకలు వంగిపోయి అనుభవించిన బాధ ఇటువంటి నీటి నుంచే వచ్చింది. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, నైట్రేట్ 45 మిల్లీగ్రాముల లోపు ఉన్నాయో లేదో ప్రయోగశాల మాత్రమే చెప్పగలదు. బోరు నీళ్లు తాగేవారు ఆ పరీక్షను వాయిదా వేయకూడదు.

నల్లా జాలీకి మాత్రం ప్రయోగశాల అక్కర్లేదు. బాత్‌రూం యాసిడ్ పోస్తే క్రోమియం పూత పోతుంది, పొరపాటున బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే ప్రాణం మీదికి తెచ్చే క్లోరిన్ వాయువు వెలువడుతుంది కనుక దాని జోలికి వెళ్లవద్దు. మా అమ్మ జాలీని విప్పి, గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, అందులో వేస్తుంది. తెల్లని పొర మీద సన్నని బుడగలు వరుసగా లేచి, అరగంటలో ఇత్తడి అంచు బయటపడుతుంది. ఆ బుడగలు మట్టిలో వేర్లు విడిచిన కార్బన్ డయాక్సైడే. నీటిలో కరిగి రాతిని తిన్న వాయువులో ఒక భాగం నల్లా మూతి దగ్గర నీరు ఆరినప్పుడే వెళ్లిపోయింది, మిగిలిన భాగం ఇప్పుడు గిన్నెలోంచి పైకి వస్తోంది.